పులిహోర అడుగున మడత కత్తి

మారిసెల్వికి కత్తి కావాలి. అంతే. దీని వెనక వేదాంతం ఏమీ లేదు.

మా నూలు మిల్లు గేటు నుంచి తెన్‌కాశి రోడ్డు బస్‌స్టాపు దాకా మట్టిబాట. ఒక పక్క కొబ్బరితోపు, ఇంకో పక్క మామిడితోపు. పోయిన సంవత్సరం దాకా మిల్లు వ్యాను మమ్మల్ని స్టాపులో దించేది. డీజిలు దండగని ఆపేశారు. నూలు లారీకి మాత్రం డీజిలు ఉంది. నూలు మీద ఎండ పడకూడదు, దుమ్ము పడకూడదు. నూలు తీసే ఆడదాని మీద ఏది పడినా ఫరవాలేదు.

పోయిన శుక్రవారం ఆ బాటలోనే, సైలెన్సర్ ఊడబీకిన బండి మీద ఒకడు వెనకనుంచి వచ్చి, మారిసెల్వి చున్నీ పట్టి లాగి, నవ్వుకుంటూ పోయాడు. పిల్ల బోర్లా పడింది. మోకాలు చెక్కుకుపోయింది.

ఇంటికొచ్చాక వాళ్ల నాయన అళగర్ తీర్పు చెప్పేశాడు. "సోమవారం నుంచి పోవద్దు. ఇంట్లో పడుండు."

తీర్పు ఎవరికి? బండివాడికి కాదు. వ్యాను ఆపిన మేనేజరుకు కాదు. కిందపడిన పిల్లకు. ఎప్పుడూ ఇంతే, కిందపడిన దానికే శిక్ష.

మారిసెల్వికి మిల్లంటే అంత ప్రేమా అని అడగకండి. మిల్లంటే ఎవరికి ప్రేమ? చెవులు పోతాయి, ముక్కులో దూది పడుతుంది. కానీ ఇంట్లో గోడ చూస్తూ కూర్చుంటే పిల్ల పిల్లగా మిగలదు. మిల్లులో అది నవ్వుతుంది, పాడుతుంది, సూపర్‌వైజరు నడకను వెనకనుంచి అనుకరిస్తుంది. దాని చేతిలో సొంత ఫోనుంది, రీచార్జి సొంతం. ఇదంతా పోతుంది.

అందుకని శనివారం భోజనాల వేళ నా పక్కన కూర్చుని, "అభిరామక్కా, నేను మడత కత్తి కొంటాను. మా నాయన ముందర పెడతాను. నన్ను నేను చూసుకుంటాననేసి చెప్తాను," అంది.

"కత్తి కాదే. అందరం చేరి వ్యాను అడుగుదాము," అన్నాను. గేటు మీటింగుల్లో మాట్లాడేది నేనే కాబట్టి నాకు అదే తోస్తుంది.

"నువ్వు వ్యాను అడిగి, వాళ్లు ఇచ్చేలోపల నేను అవ్వనైపోతాను అక్కా. సోమవారం ఎల్లుండే."

వేళ్ల మీద లెక్కపెట్టాను. నిజంగా ఎల్లుండే.

పక్కన పాండియమ్మాళ్ పెద్దమ్మ వింటోంది. మిల్లులో అందరికంటే పాతమనిషి. మొగుడు మామిడితోపుకు రాత్రి కాపలా. కత్తి మాట చెవిన పడగానే తింటున్న చెయ్యి కడిగేసుకుంది. "రేపు పోతాము. నేనూ వస్తాను. కత్తి కొనను పోయి సంవత్సరాలైపోయింది," అంది, ఏదో తిరునాళ్లకు పోయినట్టు.

ఆదివారం పొద్దున ముగ్గురం మా ఊరు సేత్తూరులో బస్సెక్కి టౌన్లో పంజు మార్కెట్ దగ్గర దిగాం. జగన్నాథ రాజా ఇనుప కొట్టు అక్కడే. కొడవళ్లు, తాళాలు, గొలుసులు, కత్తిపీటలు, ఏనుగుకు వేసే గొలుసంత లావు గొలుసు కూడా ఒకటి ఉంది, ఎవరికో దేవుడికే తెలియాలి. రాజాకు పెద్ద మీసం. ఎవరొచ్చినా ముందు ఒక మాట చెప్పకుండా ఊరుకోడు: "ఈ ఊరు మా తాతలు కట్టినారు."

"మట్టి మోసింది మా తాతలు రాజా. మీ తాతలు గొడుగు కింద నిలబడి చూసినారు," అంది పాండియమ్మాళ్ పెద్దమ్మ.

రాజా నవ్వాడు. మనిషి మంచివాడే. పొద్దున పూట బేరం పోగొట్టుకోడు. "సరి సరి. ఏం కావాలమ్మా? కొడవలా?"

"మడత కత్తి."

"ఏం కొయ్యను? కాయగూరకా, పండుకా?"

"మగోడికి," అంది పెద్దమ్మ.

రాజా చెయ్యి గబుక్కున మీసం మీదికి పోయింది. కొట్లో తాళం కొనడానికి వచ్చిన ఇద్దరు మనుషులు ఒక అడుగు వెనక్కి వేశారు. మారిసెల్వి అప్పుడే నవ్వడం మొదలుపెట్టింది. ఆ పిల్ల నవ్వు మొదలుపెడితే ఆపడం మన వల్ల కాదు.

నేను సంగతి చెప్పాను. బాట, బండి, చున్నీ, మోకాలు. రాజా మొహం మారింది. "అక్రమం కదమ్మా! దానికి కత్తి ఎందుకు? మన ఊరి జాతి కుక్కను పెంచుకోండి. తెల్లగా, ఇంత ఎత్తు. చూస్తేనే వానికి గుండె నిలిచిపోతాది. నా తమ్మునింట్లో పిల్లలు ఉండాయి."

"కుక్కను మిల్లు లోపల విడుస్తారా రాజా?" అంది పెద్దమ్మ.

"దానికీ కార్డు కొట్టియ్యాలి," అంది మారిసెల్వి. "ఓటీ ఇస్తారా అక్కా దానికి?"

"మనకే ఇయ్యరు," అన్నాను.

"కుక్కకైతే ఇస్తారు. అది కరుస్తాది కదా."

ఆ మాట నాకు నచ్చింది. గేటు మీటింగులో వాడుకోవాలని మనసులో దాచుకున్నాను.

రాజా ఇక వాదించలేదు. అద్దాల పెట్టెలోంచి మడత కత్తులు ఒక్కొక్కటే తీశాడు. బొటనవేలి గోరు ఇట్లా పెట్టి, అట్లా అంటే చాలు, మెరుపులాగా కత్తి బయటికొచ్చేది. తెరిచినది అద్దం మీద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. పెద్దమ్మ ఒకదానికోసం చెయ్యి చాస్తే, దాని పక్కనుంచి పోయి అద్దం మీద పెట్టాడు.

"చేతికియ్యనమ్మా. మనకూ మనకూ కొట్లాట ఎందుకు?"

"అవునవును, మరిచినాను. కింద పెట్టు," అంది పెద్దమ్మ చెయ్యి లాక్కుని.

మా వైపు ఇది పాలు తాగే బిడ్డకు కూడా తెలుసు. కత్తి, కత్తెర, ఉప్పు, మిరపకాయ చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు. ఇస్తే ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ పోట్లాట. కింద పెట్టాలి, వాళ్లు తీసుకోవాలి. నేను ఇలాంటివి నమ్మను. నమ్మకపోయినా ఇంతవరకు ఎవరి చేతికీ కత్తి ఇచ్చిన పాపాన పోలేదు.

ఇక మొదలైంది పరీక్ష.

చేప ఆకారంలో ఇత్తడి కత్తి ఒకటి. తోక పట్టుకుంటే నోట్లోంచి కత్తి. చూడ్డానికి ముచ్చటగా ఉంది. "దీన్ని చూస్తే వాడు కూడా ముచ్చటపడతాడు. ఎక్కడ కొన్నావనేసి అడుగుతాడు," అని పెద్దమ్మ పక్కన పెట్టించింది. తాళంచెవుల గుత్తికి తగిలించే చిన్న కత్తి ఒకటి. దాంతో మామిడి టెంక కూడా తెగదు. కత్తి, సీసా మూత తీసేది, డబ్బా కోసేది, చెవి గుబిలి తీసేది అన్నీ ఒకదాంట్లోనే ఉన్నది ఇంకొకటి.

"వాడు మీద పడేటప్పుడు తొందరలో ఏది తెరుచుకుంటుందో?" అన్నాను.

"చెవిది తెరుచుకుంటే వాని చెవి శుభ్రం చేసి పంపిస్తాను," అంది మారిసెల్వి. మళ్లీ నవ్వు.

ఎర్ర పిడిది కావాలంది మారిసెల్వి. నల్లదైతే మర్యాదగా ఉంటుందంది పెద్దమ్మ. ఆ తర్వాత, కత్తి చేతిలో ఉంటే సరిపోదు, తియ్యడం రావాలని పట్టుబట్టింది. తనే బండివాడైంది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, రెండు చేతులూ హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకు చాచి, "డుర్ర్ర్ర్" అంటూ గొలుసుల వైపు నుంచి వచ్చింది. మారిసెల్వి అద్దం మీద తెరిచి పెట్టిన కత్తి అందుకుని తిరిగి నిలబడింది. పెద్దమ్మ బ్రేకు వేయలేదు. రాజా తక్కెడ వెనకకు దూరాడు. "అమ్మా! కొట్టు! కొట్టు!" అని ఆయన అరుపు. కొట్టమంటున్నాడో, కొట్టు పోతుందంటున్నాడో అర్థం కాక తాళం కొనేవాళ్లు రోడ్డు మీదికి పోయారు.

చివరికి నల్ల పిడి కత్తే నిలిచింది. ఎందుకంటే తెరిస్తే "టక్" అని తాళం పడుతుంది. రాజా తెరిచినప్పుడల్లా టక్. మేం వరసగా అడిగాం, ఆయన వరసగా తెరిచాడు. టక్. టక్. పెద్దమ్మ కళ్లు మూసుకుని విని, "ఈ చప్పుడుకే వాడు బండి వదిలేసి పోతాడు," అంది. మారిసెల్వి దాంతో నూలు కోసింది, కాగితం కోసింది, పెద్దమ్మ ఒక వెంట్రుక ఇస్తే దాన్నీ కోసింది. బ్రహ్మాండం. అద్దం మీద పెట్టింది. రాజా మడిచి పొట్లం కట్టాడు.

ఆ సాయంకాలం అళగర్ మామ ముందు పొట్లం విప్పింది మారిసెల్వి. మడిచిన కత్తిని నేల మీద పెట్టింది. నేనూ అక్కడే ఉన్నాను. అళగర్ మామ కొబ్బరి చెట్లెక్కే మనిషి. ఆయన అరివాళ్ళు, అంటే వంకీ కొడవళ్లు, గోడకు తగిలించి ఉంటాయి, ఒక్కొక్కటి మోచెయ్యంత. ఆయన కాలి బొటనవేలితో మా కత్తిని అటూ ఇటూ దొర్లించాడు.

"ఇది కత్తా? మీసం దువ్వుకునేదా?"

"నాయనా, నువ్వు చెప్పినావు కదా, భయంగా ఉండాదనేసి. నాకు భయం లేదు. ఇది నా దగ్గర ఉంటాది. నేను పోతాను."

"భయం నాకు."

అది చెప్పి ఆయన గోడ వైపు చూశాడు. ఆ మాట ఆయన నోట్లోంచి అంత తేలిగ్గా వస్తుందని మేం ఎవరం అనుకోలేదు. ఆ తర్వాత అన్నాడు, "సరి. రేపు ఒక్క దినం పో. రేపు మళ్లీ ఏమన్నా జరిగినాదా, అదే ఆఖరు. ఏడ్చినా లేదు, అన్నం మానినా లేదు."

ఒక్క రోజు దొరికింది. నల్ల పిడి కత్తికి దండం పెట్టాలి.

సోమవారం పొద్దున ఇంకో చిక్కు. మిల్లు గేటులో సెక్యూరిటీ ముత్తు సంచులు వెతుకుతాడు. సోమవారమైతే మా చేతులు కూడా చాపించి గోళ్లు చూస్తాడు. గోరు పెరిగితే నూలు తగులుకుని తెగుతుందట. గోరు కనిపిస్తే అక్కడే కత్తెర. మనిషి తెగినా అంత గాభరా పడరు వీళ్లు.

కత్తిని ఎక్కడ దాచాలి? మారిసెల్వి రాత్రంతా ఆలోచించి మంచి దారే కనిపెట్టింది. తూక్కులో, అంటే అన్నం పట్టుకుపోయే పిడి గిన్నెలో, అడుగున కత్తి. దాని మీద పులిహోర.

ముత్తు తూక్కు మూత తీశాడు. వాసనకు మొహం వెలిగింది. "పుళిసోరా? వేరుసెనగ వేసినావా?"

"వేసినాను అన్నా."

"కొంచెం పెట్టు."

మారిసెల్వి నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. ముత్తు కాగితం పట్టుకొచ్చాడు. పిల్ల పైపైన గీరి, గీరి, పిట్టకు పెట్టినట్టు పెట్టింది. "ఇంతేనా? అడుగున మసాలా ఉంటాది కదా," అన్నాడు ముత్తు.

"అడుగున నాకు కావాలన్నా. అడుగున నా ప్రాణం ఉండాది," అంది మారిసెల్వి.

ముత్తుకు ఏం అర్థమైందో, జాలిపడి గోళ్లు చూసి పంపేశాడు.

భోజనాల వేళ కూడా ఇదే గోల. అడుగు దాకా తినడానికి లేదు. పక్కవాళ్లు అడిగితే పెట్టడానికి లేదు. "పిసినారిదయ్యిందే ఈ పిల్ల!" అని అందరూ అన్నారు. పెద్దమ్మ సంచిలోంచి మామిడికాయ తీసి చూపించింది. సప్పట్టై రకం, తోపులో మొదటి కాపు, నా అరచెయ్యంత. "షిఫ్టు అయినాక బాటలో కోసుకుంటాము. కొత్త కత్తి," అని గుసగుసలాడి మళ్లీ దాచింది.

రెండింటికి షిఫ్టు వదిలారు. ఈ కథలో వెన్నెల లేదు. మధ్యాహ్నం ఎండ ఉంది, మట్టిబాట ఉంది, తోపులో ఒక్క మనిషి లేడు. మిగతావాళ్లు ముఖాలు కడుక్కుంటుంటే మేం ముగ్గురం ముందు నడిచాం. మారిసెల్వి నడక చూస్తే తెలుస్తోంది, లోపల భయపడుతోంది. మాటిమాటికీ వెనక్కి తిరుగుతోంది.

అది చూసి పెద్దమ్మ మామిడికాయ తీసింది. "కూర్చో. కత్తి తియ్యి. తినేసి పోతాము. బస్సుకు ఇంకా టైముండాది."

మామిడిచెట్టు నీడలో, బాట అంచునే కూర్చున్నాం. మారిసెల్వి పులిహోరలో చెయ్యి పెట్టి కత్తి బయటికి లాగింది. నూనె, చింతపండు, పిడికి అంటుకున్న రెండు వేరుసెనగపప్పులు. పావడకు తుడిచింది. తెరవబోయింది.

తెరుచుకోలేదు.

"నూనె జారతా ఉండాది," అంది. మళ్లీ తుడిచింది. కత్తి వీపు మీద సన్నటి గాడి ఉంది. గోరు ఆ గాడిలో పెట్టి లాగాలి. మారిసెల్వి వేలు పెట్టింది. గోరు లేదు. వేలి కండ జారిపోయింది. నేను లాక్కుని, కాదు, కింద పెట్టించి తీసుకుని, ప్రయత్నం చేశాను. నాకూ లేదు గోరు. పెద్దమ్మ తీసుకుంది. ఆమెకు ముప్పై ఏళ్లుగా లేదు. పళ్లతో కొరికింది. ఉన్న ముందుపన్ను కాస్తా ఊడుతుందని నేను బతిమాలితే మానింది. చున్నీ పిన్నీసుతో లాగితే పిన్నీసు వంగింది.

అప్పుడు మాకు వెలిగింది. కొట్లో మేం ఎవరం దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. రాజా తెరిచి కింద పెట్టాడు. మేం తీసుకున్నాం, కోశాం, కింద పెట్టాం. రాజా మడిచాడు. చప్పుడు చూశాం, రంగు చూశాం, పదును చూశాం. చేతికివ్వకూడదనే మర్యాదలో మా చేతులకు అది తెరవడం చేతనవుతుందా అని చూడలేదు!

"అక్కా," అంది మారిసెల్వి. దాని పెదవి వణుకుతోంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. "అక్కా, వాడు వచ్చినాడనుకో, 'కొంచెం ఆగన్నా, గోరు పెంచుకుని వస్తాను' అనేసి చెప్పాలా?"

అంతే. పెద్దమ్మ మామిడికాయ ఒళ్లో పెట్టుకుని వెనక్కి పడిపోయింది. నాకు కడుపు పట్టేసింది. మారిసెల్వి బాటకు అడ్డంగా దొర్లింది. మేం నవ్వినట్టు ఆ తోపులో కోతులు కూడా నవ్వి ఉండవు.

సరిగ్గా అప్పుడు వినిపించింది: డుర్ర్ర్ర్ర్.

వాడే. సైలెన్సర్ లేని బండి, నల్ల కళ్లద్దాలు. మారిసెల్వి మోకాళ్ల మీద లేచింది, మడిచిన కత్తిని ముందుకు చాచింది. మడిచిన కత్తి! అగ్గిపెట్టె చూపించినట్టు. అది చూసి పెద్దమ్మకు మళ్లీ వచ్చింది నవ్వు. దాన్ని చూసి నాకు. మాకు నిజంగా భయమేసింది, నవ్వు మాత్రం ఆగలేదు. రెండూ ఒకేసారి వస్తాయని నాకు ఆ రోజు దాకా తెలియదు.

వాడు బండి ఆపాడు. ఆపక ఏం చేస్తాడు, బాట నిండా మేమే. పరుగెత్తే ఆడవాళ్లంటే వాడికి తెలుసు. దొర్లే ఆడవాళ్లను ఎప్పుడూ చూడలేదు.

"ఏయ్, ఏంది నవ్వతా ఉండారు?" అన్నాడు కళ్లద్దాలు తీసి. "నన్నా?"

"నిన్ను కాదురా అయ్యా, నిన్ను కాదు," అని పెద్దమ్మ కళ్లు తుడుచుకుంటూ లేచి, ఆ తుడుచుకునే చేత్తోనే బండి తాళంచెవి లాగేసి రవికలో వేసుకుంది. బండి చచ్చింది. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దం! ఆ నిశ్శబ్దంలో వెనకనుంచి చెప్పుల చప్పుడు. ముఖాలు కడుక్కుని వస్తున్న మా షిఫ్టు. నేను రెండు చేతులూ నోటికి పెట్టి మిషన్ల మధ్య పిలిచే పిలుపు పిలిచాను. ఆ పిలుపు ఫ్యానుల మోత మీదుగా అవతలి గోడ దాకా పోతుంది. తోపులో ఎంత దూరం పోయిందో మీరే లెక్కవేసుకోండి. ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. వాడి చుట్టూ గోడ కట్టారు.

పెద్దమ్మ వాడి మొహం పట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. "ఈ చెవులు నాకు తెలుసు. చోళపురం వల్లియమ్మాళ్ చెవులు ఇవి. నువ్వు దాని మనవడు సుందర్ కదూ?"

"అవ్వా..." అన్నాడు వాడు. గొంతు కీచుమంది.

"నీ పేరు పెట్టిన దినం నేనే నీకు చక్కెర నాకించినాను రా! ఈ నోటికి!"

మారిసెల్వి ముందుకొచ్చింది. నవ్వు లేదిప్పుడు. పావడ కొంచెం పైకెత్తి మోకాలి కట్టు చూపించింది. "శుక్రవారం దీన్ని చూసినావా? చూడలేదు. నువ్వు వెనక్కి తిరగలేదు."

"ఆటకు చేసినాను."

"నీ ఆటకు నా పని పోతాది. మళ్లీ ఏమన్నా అయితే ఇంట్లో ఉండమన్నాడు మా నాయన. నిన్ను ఉండమన్నారా ఇంట్లో, ఎవరన్నా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. చెమట తుడుచుకోడానికి చెయ్యెత్తాడు. ఆ చేతి చిటికెన వేలికి గోరు! పెంచిన గోరు, నున్నగా, ఇంత పొడుగు. మగపిల్లలు పెంచుతారు చూడండి, పని చెయ్యనక్కర్లేదని ఊరికి చూపించడానికి, అట్లాంటిది.

మేం ముగ్గురం ఒకరినొకరు చూసుకున్నాం.

"గోరు ఉండాదే వీనికి!" అంది పెద్దమ్మ మామిడికాయ పైకెత్తి. "మారీ, ఆ కత్తి పెట్టు బండి మీద. రేయ్, దాన్ని తెరువు. మాంగా కొయ్యాలి."

మారిసెల్వి కత్తిని బండి ట్యాంకు మీద పెట్టింది. వాడు తీసుకున్నాడు. చిటికెన గోరు గాడిలో పెట్టాడు. టక్.

ఆ టక్ విన్నాక కానీ మాకు బుద్ధి రాలేదు. వీడికి భయపడి కత్తి కొన్నాం. కొన్న కత్తిని వీడి చేతిలోనే పెట్టాం. వీడి చేతనే తెరిపించాం. ఇప్పుడు వీడి దగ్గర కత్తి, మా దగ్గర మామిడికాయ.

ఎవరూ కదల్లేదు. వాడు కత్తిని చూశాడు. మారిసెల్విని చూశాడు. మారిసెల్వి తొందరలో చెయ్యి చాచింది. వాడు చెయ్యి ముందుకు పెట్టాడు, మొన దాని వైపే.

"చేతికియ్యవద్దు!" అని పెద్దమ్మ అరిచిన అరుపుకు కాకులు లేచాయి. "కొట్లాట వస్తాది! కింద పెట్టు!"

"కింద పెట్టు! కింద పెట్టు!" అని ఆడవాళ్లందరూ ఒక్క గొంతుగా.

"ఐయో, మరిచినాను అవ్వా," అని వాడు గబగబా వంగి కత్తిని నేల మీద పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు, వల్లియమ్మాళ్ పెంచినట్టే.

మారిసెల్వి కత్తి తీసుకుంది. "కొట్లాట వస్తాదా పెద్దమ్మా?" అంది. "మనకూ వీనికీ కొట్లాట వస్తాదా?"

ఇక చూడండి. బాటంతా నవ్వు. ఒకరి భుజం మీద ఒకరు పడ్డారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియని వెనకవాళ్లు కూడా నవ్వారు. వాడికీ వచ్చింది కానీ, నవ్వే హక్కు తనకు లేదని తెలిసి ఆపుకున్నాడు. అంత బుద్ధి ఉంది.

ఎవరో వాడి గోరు కోసేయమన్నారు. "వద్దు. మళ్లీ కత్తి ఎవరు తెరుస్తారు?" అంది మారిసెల్వి. తాళంచెవి ఇచ్చేయమని వాడు అడిగితే, "మీ అవ్వ చేతికే ఇస్తాను. చోళపురం వచ్చి, కూర్చుని, అంతా చెప్పి ఇస్తాను. తాళంచెవికి కింద పెట్టే పని లేదు," అంది పెద్దమ్మ. అప్పటిదాకా నిలబడ్డవాడు అప్పుడు కూలబడ్డాడు. పోలీసని ఉంటే అంత భయపడేవాడు కాదు.

మారిసెల్వి మామిడికాయ కోసి పంచుతుంటే ఫోను మోగింది. అళగర్ మామ. మారిసెల్వి స్పీకరు పెట్టింది.

"బస్సు ఎక్కినావా? ఏంది ఆ కూట్టం, ఆ గోల? ఎవరు అరిచేది?"

"అరవలేదు నాయనా, నవ్వతా ఉండారు. వాడు మళ్లీ వచ్చినాడు."

పెద్దమ్మ నమలడం ఆపింది. ఒక్క దినం అన్నాడు. మళ్లీ ఏమన్నా అయితే అదే ఆఖరన్నాడు. దాచొచ్చు. ఆ పిల్ల దాచలేదు.

"వచ్చినాడా? కత్తి తీసినావా?"

"తీసినాను."

"తెరిచినావా?"

"వాని చేతనే తెరిపించినాను. ఇప్పుడు బండి తోసుకుంటా మా వెనక వస్తాడు, స్టాపు దాకా. మేము మాంగా తింటా ఉండాము."

ఇక్కడ ఆడవాళ్లందరూ ఫోను మీదికి వంగారు.

"ఏం మాంగా?" అన్నాడు అళగర్ మామ.

"సప్పట్టై."

"ఉప్పు కారం పెట్టినారా?"

"లేదు నాయనా."

"ఉప్పు లేకుండా ఏంది తినేది. నాకు ఒక చెంప తీసుకురా." తర్వాత కాస్త దగ్గి, "రేపు పొయ్యేటప్పుడు ఆ కత్తి ఇంట్లో పెట్టేసి పో. పుళిసోరు పాడు చెయ్యవద్దు. ఆ అభిరామిని విడిచి మాత్రం ఒక్కదానివి నడవవద్దు," అన్నాడు.

మారిసెల్వి ఫోను పెట్టేసి గంతు వేసింది. మోకాలి కట్టు ఊడింది. చూసుకోలేదు.

స్టాపు దాకా ఊరేగింపుగా నడిచాం. సుందర్ చచ్చిన బండి తోసుకుంటూ వెనక. దారిలో నేను అందరికీ చెప్పాను, రేపు షిఫ్టు అవగానే ఎవరూ విడిగా పోవద్దు, మేనేజరు గది ముందుకు పోవాలి, వ్యాను అడగాలి, ఇంతమందిమీ ఇలాగే నవ్వుతూ నిలబడాలి. "నవ్వతా నిలబడితే వాళ్లు జడుసుకుంటారు అక్కా," అంది మారిసెల్వి. నిజమే.

ఇంకో సంగతి. కత్తిని మడవడం కూడా మాకు చేతకాలేదు. ఆ తాళం ఎక్కడ నొక్కాలో రాజాకు తెలుసు, మాకు తెలియదు. సుందర్‌ను అడిగేలోపల బస్సు వచ్చేసింది. అందుకని వాళ్ల నాయనకు మిగిల్చిన మామిడి చెంపలో కత్తి గుచ్చేసి, కర్ర మీద జెండా పట్టుకున్నట్టు పట్టుకుని ఎక్కింది మారిసెల్వి.

కండక్టరు భయపడి ఒక సీటు అవతల నిలబడి అడిగాడు. "ఏందమ్మా అది?"

"మాంగా," అంది మారిసెల్వి. "మా నాయనకు."